గాలా, నీళ్లా: నాలుగు కార్డుల రెండరింగ్ మెషీన్‌కి చల్లదనానికి ఏది?

ఒక్క ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఫుల్ లోడ్‌లో 450 వాట్ల దాకా లాగుతుంది. నాలుగు పెడితే 1800 వాట్ల వేడి. ఫ్యాన్లున్న కార్డు సాధారణంగా మూడు స్లాట్ల (మదర్‌బోర్డులో కార్డు గుచ్చే చోట్ల) మందం. ఇరికించి పెడితే పక్క కార్డు వదిలిన వేడిగాలినే పీలుస్తుంది. రాత్రంతా రెండర్ (3డీ సీన్‌ని బొమ్మలుగా మార్చే పని) నడిస్తే కార్డు తన క్లాక్ స్పీడు, అంటే పనిచేసే వేగం, తగ్గించేసుకుంటుంది.

ఫ్యాన్ల బదులు వాటర్ బ్లాక్ (లోపల నీళ్లు పారుతూ చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) బిగిస్తే అదే కార్డు సన్నబడుతుంది, చప్పుడూ తగ్గుతుంది. కానీ ఉన్న ఒక్క పంపూ ఆగితే కార్డులన్నీ ఆగినట్టే. క్విక్ కనెక్టర్లు (నీళ్లు కారకుండా పైపు ఊడదీయనిచ్చే జాయింట్లు) లేకపోతే, ఒక్క కార్డు పాడైనా లూప్, అంటే నీళ్లు తిరిగే పైపుల వలయం, మొత్తం ఖాళీ చేయాలి. గదిలోకి వచ్చే వేడి మాత్రం రెండింటితోనూ ఒకటే!

రెండు కార్డులకైతే గాలే చాలంటాను, మధ్యలో ఖాళీ ఉంచండి. మూడు దాటితే నీళ్లే. అప్పుడు కార్డులకు కరెంటివ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, ఫిట్టింగుల కింద టిష్యూ పేపరు పరిచి, తడి తగులుతుందేమో ఒక రోజంతా చూడండి.