వేగం కంటే ముందు నమ్మకం: మూడు రోజుల బ్యారెల్ రేసింగ్ క్లినిక్‌పై రివ్యూ

గుర్రం మీద మూడు డ్రమ్ముల చుట్టూ వీలైనంత తక్కువ సమయంలో తిరిగి వచ్చే పోటీ బ్యారెల్ రేసింగ్. దాన్ని నేర్పే క్లినిక్‌లలో, అంటే చిన్న శిక్షణ శిబిరాల్లో, చాలావాటికి మొదటి రోజు నుంచే స్టాప్‌వాచ్ మీద ధ్యాస. ఈ క్లినిక్‌లో మొదటి రోజు గుర్రాన్ని పరుగెత్తనివ్వరు. నడక, ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం), అంతే. కట్టిన ఫీజుకు సగం విలువ ఇక్కడే దక్కుతుంది.

డ్రమ్ములను కంటితో అంచనా వేయకుండా టేపుతో కొలిచి పెడతారు. మొదటి రెండింటి మధ్య 90 అడుగులు, వాటి నుంచి మూడోదానికి 105, టైమింగ్ గీతకు 60. ఇంటి దగ్గర తోచినట్టు పెట్టుకుని ప్రాక్టీస్ చేసిన గుర్రం, పోటీలో ఎక్కడ వేగం తగ్గించాలో తెలియక తడబడుతుంది. పైగా డ్రమ్ము పడితే 5 సెకన్ల పెనాల్టీ.

మలుపు నేర్పే తీరు నిజంగా బాగుంది. డ్రమ్ముకు నాలుగైదు అడుగుల ఎడం ఉంచి రావాలి. దగ్గర పడగానే జీనులో లోతుగా కూర్చోవాలి. వేగం తగ్గించమని గుర్రానికి అదే మొదటి సూచన. మన కాలు డ్రమ్ము పక్కకు వచ్చేదాకా తిప్పకూడదు. తొందరపడి లోపలి పగ్గం గుంజితే ముక్కు లోపలికి వస్తుంది, భుజం మాత్రం డ్రమ్ము మీదకు వాలుతుంది. డ్రమ్ములు ఎక్కువగా పడేది ఇందుకే. ఇక్కడ అందుకు గుర్రానికి దెబ్బ వేయరు. గుర్రాన్ని అక్కడే ఆపి, రెండడుగులు వెనక్కి నడిపిస్తారు. లోపలి చేతిని కాస్త పైకెత్తి, లోపలి కాలితో పక్కటెముకలను బయటికి నెడతారు. మెడ మెత్తబడిన క్షణంలోనే పగ్గం వదలాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా తాను చేసింది సరైనదేనని గుర్రానికి తెలియదు. చెవి ఒకటి మన వైపు తిరగడం, తల దించి నోరు నమలడం కనిపిస్తే అర్థమైనట్టే. చెవులు వెనక్కి అంటించి తోక విసురుతుంటే అడిగింది ఎక్కువైందని.

1985లో అమెరికా రోడియో ఫైనల్స్ అయిన నేషనల్ ఫైనల్స్ రోడియోలో, బ్యారెల్ రేసర్ చార్మేన్ జేమ్స్ ఎక్కిన స్కాంపర్ అనే గుర్రానికి పరుగు మధ్యలో తలకట్టు ఊడిపోయింది. అయినా అది మూడు డ్రమ్ములూ తిరిగి ఆ రౌండ్ గెలిచింది. పగ్గం లేకపోయినా గుర్రం పని పూర్తి చేసిందంటే, అంతకుముందు ఎంత నెమ్మదిగా నేర్పి ఉండాలో ఊహించవచ్చు.

రెండో రోజు లీడ్ మార్పు మీద పెడతారు. లీడ్ అంటే దౌడులో గుర్రం ఏ పక్క కాళ్లను ఎక్కువ ముందుకు చాస్తుందో అది. మొదట కుడివైపు డ్రమ్ముకు వెళ్తే కుడి లీడ్, మిగతా రెండింటికీ ఎడమ. మార్పు మొదటి, రెండో డ్రమ్ముల మధ్యే జరగాలి. అది కుదరని గుర్రం ముందు కాళ్లకు ఒక లీడ్, వెనక కాళ్లకు మరో లీడ్‌తో మలుపులో జారుతుంది. రెండుసార్లు జారితే ఆ డ్రమ్మంటేనే బెదురుతుంది.

లోపాలు ఉన్నాయి. జీను కింద చెయ్యి పెట్టి ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూస్తారు కానీ పళ్లు, వెనక కాళ్ల కీళ్లు చూడరు. గేటు దగ్గర మొండికేసే గుర్రానికి తరచూ కడుపులో పుండ్లో, కీళ్ల నొప్పో ఉంటుంది. దాన్ని పొగరనుకుని మడమలతో తన్నితే నమ్మకం పోయినట్టే. క్లినిక్‌కు ముందే పశువైద్యుడికి చూపించడం మంచిది.

మూడో రోజు టైమ్డ్ రన్‌లప్పుడు గుర్రాలన్నీ గేటు దారిలో వరుసగా నిలబడి కంగారుతో వేడెక్కిపోతాయి. ఇది మార్చుకోవాలి. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ పరుగే అయితే ఆ దారి చూడగానే గుర్రం గుండె దడదడలాడుతుంది. పది ప్రవేశాల్లో ఏడెనిమిది నడిచి వెళ్లి, లోపల కాసేపు నిలబడి, నడిచే బయటికి రావాలి.

రెండు లీడ్‌లలోనూ ప్రశాంతంగా లోప్ చేసే (నెమ్మదిగా దౌడు తీసే) గుర్రం ఉన్నవాళ్లకు ఇది సరైన క్లినిక్. వచ్చే వారం పోటీలో అర సెకను తగ్గించుకుందామని వెళ్లేవాళ్లకు కాదు.