సోషల్ వర్క్ విద్యార్థులకు డిజిటల్ పని: స్వయం కోర్సా, ఫీల్డ్‌వర్కా?

నాగార్జున యూనివర్సిటీలో గానీ, విజయవాడ, గుంటూరు కాలేజీల్లో గానీ ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివేవాళ్లకు వచ్చే సందేహం ఇది: కంప్యూటర్ పని ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకోవాలా, ఫీల్డ్‌వర్క్‌లోనా?

స్వయం 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. యూనివర్సిటీ ఒప్పుకుంటే క్రెడిట్లూ కలుస్తాయి. డేటా విశ్లేషణ లాంటివి మొదటి నుంచి వరసగా రావాలంటే ఇదే మంచిది. కానీ వీడియో చూసి క్విజ్ రాసినంత మాత్రాన విజయవాడ కృష్ణలంకలో ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి ఫోన్‌లో సర్వే నింపడం రాదు.

అసలు చిక్కులు ఫీల్డ్‌లోనే బయటపడతాయి. గూగుల్ ఫామ్‌కి నెట్ ఉండాలి, సిగ్నల్ పోతే పని ఆగిపోతుంది; సర్వేల కోసమే ఉన్న కోబో టూల్‌బాక్స్ యాప్‌లో అయితే ఫారం ముందే దించుకుని నెట్ లేకపోయినా నింపొచ్చు, తర్వాత సిగ్నల్ దొరికిన చోట పంపొచ్చు, ఇది తెలియక కాగితాల మీద రాసి రాత్రంతా మళ్లీ టైప్ చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం గోప్యత. ఒకావిడ తన ఇంట్లో జరిగే హింస గురించి చెప్పుకుంటే ఆ వివరాలు క్లాసు వాట్సాప్ గ్రూపులో పడకూడదు. పేరుకు బదులు కోడ్ నంబరు, ఫోన్‌కి లాక్, ఫోటోకి ముందు అనుమతి, ఇవన్నీ సూపర్‌వైజర్ పక్కనుండి సరిదిద్దితేనే అలవాటవుతాయి. ఆయనకే ఇవి తెలియకపోతే మాత్రం చెడు అలవాట్లే అంటుకుంటాయి.

నేనైతే మొదటి సెమిస్టర్‌లో ఫీల్డ్‌వర్క్‌తోనే మొదలుపెట్టమంటాను. డేటా విశ్లేషణ భాగానికి రెండో సెమిస్టర్‌లో స్వయం కోర్సు తీసుకోండి.