హైదరాబాద్ నుంచి విశాఖకు: విమానమా, వందేభారతా?

శంషాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి రైలు వరంగల్, ఖమ్మం మీదుగా ముందు విజయవాడకు దిగి, అక్కడ ఈశాన్యానికి తిరిగి, రాజమహేంద్రవరం, సామర్లకోట దాటి వెళ్లాలి కాబట్టి అదే ప్రయాణం దాదాపు 700 కిలోమీటర్లవుతుంది.

టికెట్టు మీద విమాన సమయం గంటంబావుకు అటూ ఇటుగా ఉంటుంది. అయితే సామాను అప్పగించే కౌంటర్లను గంట ముందే మూసేస్తారు. కూకట్‌పల్లి నుంచి బయలుదేరేవారు శంషాబాద్ దాకా రోడ్డు ప్రయాణాన్నీ, భద్రతా తనిఖీ వరుసనూ, దిగాక బెల్టు దగ్గర పెట్టెల కోసం ఎదురుచూడడాన్నీ కలుపుకుంటే, ఇల్లు వదిలింది మొదలు గమ్యం చేరేదాకా అయిదు గంటలు అనుకోవడమే సబబు.

2023 జనవరిలో మొదలైన వందేభారత్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. బండి కదలడానికి అరగంట ముందు స్టేషన్‌లో ఉంటే చాలు. కనుక అసలు తేడా ఏడు గంటలు కాదు, నాలుగైదు గంటలే. అదే రోజు పని ముగించుకుని తిరిగి రావలసినవారికి విమానం తప్పదు. పిల్లలతో, పెద్దవారితో వెళ్లే కుటుంబాలకు మాత్రం నేను రైలునే సూచిస్తాను. పైగా తెల్లవారుజామున బయలుదేరే వందేభారత్ ఎక్కితే గోదావరి వంతెన పగటి వెలుగులో కనిపిస్తుంది. సంక్రాంతికి వెళ్లదలచినవారు, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, ఆ మొదటి రోజే టికెట్టు తీసుకోవడం మంచిది.