హంసలదీవి మొగలో కైట్‌బోర్డింగ్: గాలి బాగు, పాటు వేళ వద్దు

పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట కైట్‌బోర్డింగ్. కృష్ణ సముద్రంలో కలిసే ఈ మొగలో నాలుగు సీజన్లు ఆడి చూశాక చెబుతున్నాను. బెజవాడ నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగల చోట్లలో గాలి ఇంత నిలకడగా, నీళ్లు ఇంత ఖాళీగా దొరికేది ఇక్కడే. గుంటూరు వాళ్లకు సూర్యలంక దగ్గరే గానీ, సెలవురోజు ఆ జనంలో కైట్‌కు కట్టే 24 మీటర్ల తాళ్లు (లైన్లు) పరిచే వీల్లేదు.

మార్చి నుంచి మే సగం దాకా మంచి కాలం. మధ్యాహ్నం దాటాక ఆగ్నేయపు గాలి లేస్తుంది. అలల తలలు అక్కడక్కడా తెల్లబడితే గాలి వేగం 12 నాట్లు (గంటకు దాదాపు 22 కిలోమీటర్లు) అందుకున్నట్టే. 15 దాటితే 75 కిలోల మనిషికి 12 చదరపు మీటర్ల కైట్ సరిపోతుంది. మే చివర్లో పడమటి గాడ్పులు రేగితే బయల్దేరకండి. అవి సముద్రపు గాలిని ఒడ్డెక్కనివ్వవు, పైగా బోర్డు జారిన మనిషిని సముద్రం లోపలికే తోస్తాయి. తీసుకురావడానికి అక్కడ పడవ ఉండదు.

అసలు ప్రమాదం మొగలోనే. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఏటి నీరు బయటికి లాగుతుంది, గాలేమో ఎదురు కొడుతుంది. ఇసుకమేట మీద ఆ రెండూ కలిసిన చోట అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. నడుంలోతే కదా అనిపిస్తుంది, కానీ కాలు ఆనదు. గాలి తగ్గి కైట్ నీళ్లలో పడిందా, ఇక ప్రవాహం ఎటు లాగితే అటే. అందుకే పోటు మొదలయ్యాక దిగండి, నిండు పోటు కాగానే బయటికి వచ్చేయండి. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఇచ్చిన రోజు పోటులోనూ వద్దు.

కైట్ సముద్రం వైపు గట్టి ఇసుకలోనే పరచండి. ఏటి వైపు ఒండ్రులో కాలు మోకాలిదాకా దిగుతుంది, ఆలిచిప్పలు బ్లాడర్‌ను (కైట్ లోపల గాలి నింపే గొట్టాన్ని) కోస్తాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో పై ఇసుక తొక్కకండి. ఆ పక్కనే అభయారణ్యం, అటవీశాఖను అడిగాకే లోపలికి.

వాల్వు అంచు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా కైట్ మెల్లగా మెత్తబడుతుంది. మళ్లీ మళ్లీ పంపు కొట్టి లాభం లేదు. అయిదు లీటర్ల మంచినీళ్లు వెంట ఉంచుకుని, వాల్వు కడిగి, పొడిబట్టతో తుడిచి మూయండి.

వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 3.97 లక్షల క్యూసెక్కులు, దాటితే మొగకు రెండు వారాలు సెలవే. గుర్రపుడెక్క లైన్లకు చుట్టుకుంటుంది, బురదనీటిలో మొద్దులు కనపడవు. నీరు తేరాక మేటలు ఎటు జరిగాయో పాటు వేళ నడిచి చూసుకున్నాకే కైట్ విప్పండి.