తలంబ్రాల సీన్ చెదరకపోతే చాలు: డీవీడీస్టైలర్ చాలా కాలం వాడాక

వీడియోలని టీవీలో ఆడే డీవీడీలుగా తయారుచేసే సాఫ్ట్‌వేర్ డీవీడీస్టైలర్. అందులో నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క ఆప్షన్. వీడియో ప్రాపర్టీస్‌లో ఫార్మాట్ దగ్గర ‘కాపీ’ అని ఉంటుంది. అది పెట్టామంటే మనమిచ్చిన వీడియోని ఆ సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. మెనూ తగిలిస్తుంది, చాప్టర్లు పెడుతుంది, డీవీడీకి కావలసిన ఫోల్డర్ కట్టి ఇస్తుంది, అంతే. ఇదేమన్నా గొప్పా అంటారేమో. పాత టేపుల్ని డిస్కుల్లోకి ఎక్కించే పని పెట్టుకున్నవాళ్లని అడగండి, బొమ్మ పాడయ్యేది ఎక్కువగా కెమెరాలో కాదు, టేపులోనూ కాదు, మధ్యలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ‘అంతా నేను చూసుకుంటా’ అని చేతిలోకి తీసుకున్నప్పుడే.

ఉచితమే, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ ఎలా చేయాలి, బటన్లు ఎక్కడుంటాయి లాంటివి ఇక్కడ రాయను, తెరిచి పది నిమిషాలు కెలికితే ఎవరికైనా తెలుస్తుంది.

అక్క పెళ్లి వీడియో మినీడీవీ టేపుల మీద, అంటే చిన్న డిజిటల్ కేసెట్ల మీద తీశారు. అప్పట్లో స్టూడియోవాళ్లు మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కి ఇచ్చారు. నాన్న పట్టుబట్టి టేపులు కూడా తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ డిస్కులో పీటల మీద కూర్చున్నంతసేపూ బొమ్మ బాగానే ఉంటుంది, జీలకర్ర బెల్లం దగ్గరా పరవాలేదు. తలంబ్రాలు మొదలయ్యాయో లేదో తెరంతా చిన్న చిన్న గళ్లయిపోతుంది. అక్క ముఖం, బావ తలపాగా, వెనకాల చుట్టాలు, అన్నీ కలిసి పసుపు ముద్ద. పెళ్లి మొత్తంలో అందరూ మళ్లీ మళ్లీ చూసేది ఆ పది నిమిషాలే కదా, సరిగ్గా అదే పోయింది.

కారణం తర్వాత తెలిసింది. డీవీడీలో వాడే ఎంపెగ్-2 పద్ధతి బొమ్మని 8 బై 8 చుక్కల గళ్లుగా కోస్తుంది, వెనకటి ఫ్రేముకీ దీనికీ ఏం మారిందో అంతవరకే దాచుకుంటుంది. కదలని పీటలూ మండపమూ దానికి చవక. తలంబ్రాలప్పుడు మాత్రం ప్రతి ఫ్రేములో ప్రతి గింజా చోటు మారుతుంది, పైన హాలోజన్ లైటు, పట్టుచీర జరీ మెరుపులు, మధ్యలో ఫొటోగ్రాఫర్ ఫ్లాషులు. దాచుకోవలసినది ఒక్కసారిగా పెరిగిపోతుంది. 4.7 జీబీ డిస్కులో మూడు గంటలు పట్టాలంటే వీడియోకి దక్కేది సెకనుకి 3.2 మెగాబిట్ల డేటా, అటూ ఇటూగా. అదే సీను టేపు మీద 25 మెగాబిట్లతో ఉంది. ఇంక గళ్లు పడక ఏమవుతుంది. అప్పటి నుంచీ ఏ సాఫ్ట్‌వేర్ అయినా, ఏ సెట్టింగ్ అయినా నాకు పరీక్ష ఒకటే, తలంబ్రాల సీన్ తట్టుకుంటుందా లేదా.

టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇబ్బందేం పెట్టలేదు. పాత క్యామ్‌కార్డర్, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కేబుల్, విన్‌డీవీ అనే బుల్లి ప్రోగ్రాం. గంట టేపుకి దాదాపు 13 జీబీ ఫైలు వస్తుంది, టేపులో ఉన్నది ఉన్నట్టు. అసలు గొడవంతా దాని తర్వాతే.

డీవీడీ రైటర్ కొన్నప్పుడు పెట్టెలో ఒక సీడీ వచ్చేది చూడండి, సినిమా డిస్కులు చేసే సాఫ్ట్‌వేర్‌తో, దాంతోనే మొదలుపెట్టాను. పేరెందుకు గానీ, ‘బెస్ట్ క్వాలిటీ’ అని పెద్ద బటన్ ఉంది దానికి. గంట వీడియోనే ఇచ్చాను కాబట్టి బిట్లకి కరువు లేదు. కంప్యూటర్‌లో చూస్తే తలంబ్రాల గింజలు విడివిడిగా కనిపిస్తున్నాయి, అబ్బ అనుకున్నాను. డిస్కు తీసుకుని ఊరెళ్లి, హాల్లో ఉన్న పిక్చర్ ట్యూబ్ టీవీలో పెట్టాం. కదలకుండా కూర్చున్న మనుషులు అద్దంలో ఉన్నట్టున్నారు. ఎదురుకోలు మొదలైంది, మేళం కదిలింది, అంతే, డోలు కొట్టే చేయి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ కొట్టుకుంటోంది. కెమెరా పక్కకి తిరిగితే గోడలు కూడా వణుకుతున్నాయి. మామయ్య కాసేపు చూసి, వీడెవడో తాగి తీశాడ్రా అని తేల్చేశారు. ఆ కెమెరా అతను అసలు తాగడు, పాపం, ఆయన మీద ఆ మాట చాలా కాలం నిలిచిపోయింది.

జరిగింది ఏమిటంటే, డీవీ టేపులో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది, సరిసంఖ్య గీతలు ఒక సగం, దాన్ని కింది సగం అంటారు, బేసిసంఖ్య గీతలు ఒక సగం, అది పై సగం. మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు, అంటే 50 సగాలు. డీవీలో ఎప్పుడూ కింది సగం ముందు వస్తుంది. డీవీడీల్లో ఎక్కువగా పై సగం ముందుంటుంది, కింది సగం ముందున్నా తప్పేం లేదు, కాకపోతే ఆ సంగతి ఫైలులో రాసి ఉండాలి. ఆ పెట్టె సాఫ్ట్‌వేర్ నన్నొక్క మాట అడక్కుండా పై సగమే ముందు అని రాసేసింది. దాంతో ప్లేయర్ రెండో క్షణాన్ని ముందు, మొదటి క్షణాన్ని వెనక చూపిస్తోంది. మనిషి అడుగు ముందుకేసి, అరడుగు వెనక్కేసి, మళ్లీ ముందుకేస్తాడు, సెకనుకి పాతికసార్లు. మరి కంప్యూటర్‌లో ఎందుకు కనిపించలేదంటే, అక్కడ రెండు సగాలనీ కలిపి ఒకే బొమ్మగా పెట్టేస్తోంది, ఏది ముందో ఏది వెనకో తేడా తెలిసే వీలే లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇది మార్చే చోటు కోసం ప్రతి మెనూ వెతికాను. లేదు. బెస్ట్ క్వాలిటీ అనే బటన్ మాత్రం ఉంది.

ఆ కోపంలో దొరికిందే డీవీడీస్టైలర్. అంతకన్నా ముందు వీడియోని ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం గురించి చెప్పాలి, ఎందుకంటే బొమ్మ తయారయ్యేది నిజానికి అక్కడ. నల్ల విండోలో కమాండ్ టైపు చేసే రకం, చూడగానే భయమేస్తుంది, కానీ దానికి ‘పాల్ డీవీడీ’ అని ఒక్క టార్గెట్ చెబితే సైజు 720 బై 576, సౌండు 48 కిలోహెర్ట్జ్, మిగతావన్నీ డీవీడీకి తగ్గట్టు అదే సర్దుకుంటుంది. నేను పైన చేర్చేవి కొన్నే. బిట్‌రేట్ 8000, అంటే సెకనుకి 8 మెగాబిట్లు, సౌండు డీవీడీలు వాడే ఏసీ3 పద్ధతిలో 192 కిలోబిట్లు, ఇంటర్లేస్, అంటే ఆ రెండు సగాల పద్ధతి, అలాగే ఉంచు, కింది సగమే ముందు. గంట టేపుకి ఒక డిస్కు. వచ్చిన ఎంపెగ్ ఫైలుని డీవీడీస్టైలర్‌లో వేసి ‘కాపీ’ పెట్టాను. మళ్లీ ఊళ్లో అదే టీవీ. మేళం వచ్చింది, డోలు చేయి సాఫీగా ఆడింది, తలంబ్రాల్లో ఒక్కో గింజా నేల మీద పడేదాకా కనిపించింది. అక్క మెడలో నల్లపూసలు అంత స్పష్టంగా మేం ఆ రోజు పందిట్లో కూడా చూడలేదు. మామయ్య మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు, రెండోసారి తాగకుండా తీశాడన్నారు.

కాబట్టి నాకు ‘కాపీ’ మీద ఉన్నది మామూలు ఇష్టం కాదు. అయితే వాడగా వాడగా కొన్ని తెలిశాయి. అది ఏదీ ముట్టుకోదు అంటే మన ఫైల్లో ఉన్న దోషాన్నీ ముట్టుకోదనే అర్థం. సౌండు 48 బదులు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉన్న ఫైలు ఇస్తే వీడియోకి కాపీ పెట్టుకుని ఆడియోని మాత్రం ఏసీ3కి మార్చమని చెప్పాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ జోలికి వెళ్లకుండా డీవీడీస్టైలర్‌నే ఎన్‌కోడ్ చేసుకోమంటే, అంటే వీడియోని డీవీడీ పద్ధతిలోకి మార్చుకోమంటే చేస్తుంది, ఆటోలో పెడితే ఉన్న నిమిషాలని బట్టి డిస్కు నిండేలా బిట్‌రేట్ సర్దుతుంది. అది బాగానే ఉంది కానీ, మూడు గంటలు ఇచ్చినా నోరెత్తకుండా సర్దేస్తుంది, అంటే మళ్లీ పాత స్టూడియో డిస్కే. నిమిషాలు లెక్కేసుకోవలసింది మనమే. 90 నిమిషాలైతే వీడియోకి సుమారు 6.6 మెగాబిట్లు వస్తాయి, తలంబ్రాలు నిలబడతాయి. రెండు గంటలైతే 4.9 దగ్గర, అక్కడ అటో ఇటో. మెనూ టెంప్లేట్లు నాకు నచ్చలేదు, పూల బొమ్మా పెళ్లి పేర్లూ విడిగా ఒక ఫొటోగా చేసుకుని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకుంటాను. చాప్టర్లు మాత్రం హాయి. గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అని టైములు ఇస్తే చాలు, అమ్మ రిమోట్‌లో బాణం నొక్కుకుంటూ సూటిగా అప్పగింతలకి వెళ్లి ఏడుస్తుంది.

టూ-పాస్ గురించి కూడా మొదట్లో అందరికీ తెగ చెప్పేవాడిని. మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ కష్టమో లెక్కేసుకుని, రెండోసారి బిట్లని అక్కడికి మళ్లించే పద్ధతి. నిజమే, రెండు గంటల డిస్కుకి అది లేకపోతే నడవదు. గంట డిస్కులో 8000 పెట్టినప్పుడు తేడా నా కంటికి ఆనలేదు, సమయం మాత్రం రెట్టింపు. పైగా మన పెళ్లి వీడియోల్లో ఇంకో చిక్కుంది. మిక్సింగ్‌లో స్టూడియోవాళ్లు వేసిన గ్రాఫిక్స్, గుండె ఆకారంలో తిరుగుతూ వచ్చే ఫొటోలు, పై నుంచి రాలే గులాబీ రేకులు, వెనకాల మంచుకొండలు. టూ-పాస్ దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన సీను ఆ గులాబీ రేకులదే, బిట్లన్నీ తీసుకెళ్లి దానికే పోస్తుంది. మా బాబాయి కొడుకు పెళ్లి డిస్కులో అదే అయింది. చివరికి ఆ గ్రాఫిక్స్ పాటని కోసి వేరే డిస్కులో పెట్టి ఇచ్చాను. పిన్నికి అదే ఎక్కువ ఇష్టమట, ఆ డిస్కే వేసుకుంటుంది.

వీహెచ్ఎస్ కేసెట్ల సంగతి వేరు. అమ్మానాన్నల కాలం పెళ్లి కేసెట్లకి 720 బై 576 వృథా, టేపులో అంత వివరమే లేదు. డీవీడీకి 352 బై 576 కూడా అధికారికంగా చెల్లే సైజే, చాలామంది దాని జోలికి పోరు. సగం వెడల్పు కాబట్టి అవే బిట్లు రెట్టింపు పని చేస్తాయి, టీవీలో చూస్తే మెత్తదనం ఏమీ అదనంగా రాదు, గళ్లు మాత్రం పోతాయి. ఇంకొకటి, కేసెట్ మీద ఎప్పుడూ ఆడుతుండే ఆ సన్నటి గరుకు ఉంది చూడండి, ఎన్‌కోడర్‌కి అది కూడా కదలికే, బిట్లు తినేస్తుంది. ముందు కొంచెం నాయిస్ తగ్గించి ఎన్‌కోడ్ చేస్తే ముఖాలు తేటపడతాయి. ఎక్కువ తగ్గిస్తే చీర అంచులో జరీ కూడా పోయి అందరూ మైనం బొమ్మల్లా ఉంటారు, కొంచెమే చాలు.

ఫోన్లలో తీసినవి డిస్కు చేసి పెట్టమని అడుగుతున్నారు ఈ మధ్య. అవి ఎక్కువగా సెకనుకి 30 ఫ్రేముల్లో ఉంటాయి, పాల్‌కి మారిస్తే నడిచేటప్పుడు కుదుపులొస్తాయి. వాటిని ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీల పద్ధతి డిస్కుగానే చేస్తాను, మన ప్లేయర్లలో దాదాపు అన్నీ రెండూ ఆడిస్తాయి. తిరగేసి చెప్పాలంటే, అమెరికాలో ఉన్న చెల్లెలికి పంపిన పాల్ డిస్కుని అక్కడి ప్లేయర్ తీసుకోలేదు, లాప్‌టాప్‌లోనే చూశారు. అక్కడికి పంపేవాళ్లు ముందే చూసుకోండి.

డిస్కు మీదికి రాయడానికి, అంటే బర్న్ చేయడానికి ఇమేజ్‌బర్న్ వాడతాను, చివర్లో వెరిఫై చేస్తుందని, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో సరిచూస్తుందని. బొమ్మ నాణ్యతకి బర్నింగ్ స్పీడుతో సంబంధం లేదు, అవే అంకెలు వెళ్తాయి. కానీ కట్టల్లో దొరికే చవక డిస్కుల్లో కొన్నిట్లో బొమ్మ మధ్యలో ఆగిపోవడం, గళ్లు పడటం చూశాను, చూసేవాళ్లు దాన్నీ క్వాలిటీ బాగోలేదనే అంటారు. వెరిఫైలో తప్పొస్తే ఆ డిస్కు ఎవరికీ ఇవ్వను. పైన కాయితం స్టిక్కర్ అంటించను, మార్కర్‌తో పేరు రాస్తాను.

ఇంతకీ కొత్తగా ఎవరైనా ఇది నేర్చుకోవాలా అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. మా ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకి పెన్‌డ్రైవ్ అంటే టెన్షన్, డిస్కు పెట్టి బాణం నొక్కడం వచ్చు, అందుకని నాకు పనికొస్తోంది. మీ ఇంట్లో స్మార్ట్ టీవీ ఉండి అందరూ ఫోన్లోంచే చూస్తారంటే ఈ తతంగం అక్కర్లేదు, డీవీ ఫైలుని అలాగే రెండు హార్డ్‌డిస్కుల్లో దాచుకోండి. కమాండ్ టైపు చేయడం మీ వల్ల కాదంటే డీవీడీస్టైలర్ ఒక్కటే వాడినా, డిస్కుకి 90 నిమిషాలు దాటకపోతే మంచి బొమ్మే వస్తుంది, సగాల వరుస ఒక్కటి సరిచూసుకోవాలి. ముందు రెండు మూడు నిమిషాల ముక్క, ఎవరో ఒకరు నడుస్తున్నది, రీరైటబుల్ డిస్కు మీద చేసి టీవీలో వేసి చూడండి. మేళం ఉన్న ముక్కయితే ఇంకా మంచిది.