నమికి మకి-ఎ పెన్నులు: ఏ పూతకు ఎంత ధర పెట్టొచ్చు

నమికి అంటే జపాన్‌లోని పైలట్ కంపెనీ ఫౌంటెన్ పెన్నుల బ్రాండు; మకి-ఎ అంటే ఉరుషి అనే సొనతో బొమ్మ గీసి, దాని మీద బంగారు పొడి చల్లే పని. రోజూ రాయడానికి కొనేవాళ్లకు నమికి వరసల్లో యుకారి సరైనది. నిప్పాన్ ఆర్ట్ అందంగా ఉంటుంది గానీ దాని బొమ్మ పైపైన ఉండే రకం. ఎంపరర్ పనితనానికి దండం పెట్టాల్సిందే, సైజు మాత్రం చాలా చేతులకు మించినది. వేలల నుంచి లక్షల దాకా పోయే ఈ ధరల తేడాలో ఎక్కువ భాగం పూత వేసే పద్ధతిదే.

ఆ పూత ఉరుషి చెట్టు సొన. మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందిన చెట్టది. తోతాపురి సొన పడితే చర్మం పొక్కుతుందని చిత్తూరు తోటల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. పచ్చి ఉరుషి అంతకన్నా చాలా ఘాటు. పూర్తిగా గట్టిపడ్డాక మామూలుగా ఆ భయం ఉండదు. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కు కరుగుతుంది. గట్టిపడిన ఉరుషి కరగదు. అది గట్టిపడే తీరే వేరు: సొనలో ఉండే లాకేస్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో పని చేయాలి, అందుకు తేమ కావాలి. అందుకే పెన్నును 20-30 డిగ్రీల వేడి, 70-85 శాతం తేమ ఉండే చెక్క అరలో పెడతారు. పూత మందమైనా, తేమ మితిమీరినా పైపొర ముందే బిగుసుకుని లోపల పచ్చిగా మిగులుతుంది, పైన ముడతలు పడతాయి. పలచటి పూత వేసి, ఆరబెట్టి, అరగదీసి, మళ్లీ వేయడం తప్ప దగ్గరిదారి లేదు.

నిప్పాన్ ఆర్ట్ మీద ఉన్నది హిర మకి-ఎ. పలచటి కాగితం మీది గీతలను పెన్ను మీదికి దించి, సన్నటి కుంచెతో ఉరుషితో బొమ్మ గీస్తారు. అది పచ్చిగా ఉండగానే, చివర పలచటి గుడ్డ కట్టిన గొట్టాన్ని వేలితో తడుతూ బంగారు పొడి చల్లుతారు. తొందరపడితే పొడి ఉరుషిలో మునిగి మెరుపు పోతుంది, ఆలస్యమైతే అంటుకోదు. ఆరాక బొమ్మ మేరకే పలచటి ఉరుషి పూసి మెరుగు పెడతారు. ఆ పలచటి పొర ఒక్కటే బంగారానికి కాపు.

తొగిదాషి ఇక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కుతుంది. పొడి చల్లి ఆరాక బొమ్మ కనపడకుండా మొత్తం ఉరుషితో కప్పేస్తారు. తర్వాత బొగ్గు ముక్కతో, నీళ్లతో అరగదీస్తూ బంగారం బయటపడే దాకా వస్తారు. ఒక్క రుద్దు ఎక్కువైతే బంగారమే లేచిపోతుంది, దాన్ని అతికించడానికి వీల్లేదు. బొమ్మ, దాని చుట్టూ ఉన్న పూత నేల ఒకే మట్టానికి వస్తాయి కాబట్టి వేలికి ఏమీ తగలదు, అరుగుదలా తక్కువ. తక మకి-ఎలో ఉరుషి, బొగ్గుపొడి లాంటివాటితో బొమ్మను ముందే ఉబ్బెత్తుగా కట్టి పైన బంగారం వేస్తారు. ఎంపరర్ గొప్పదనం ఇలాంటి ఉబ్బెత్తు పనిలోనే కనిపిస్తుంది. యుకారి కొనేటప్పుడు డిజైన్ వివరంలో తొగిదాషి అని ఉందో లేదో చూసుకోండి.

రాతకొస్తే, నిప్పాన్ ఆర్ట్‌ది ప్లాస్టిక్ ఒళ్లు, 14 క్యారెట్ల 5వ నంబరు పాళీ. యుకారిది ఇత్తడి ఒళ్లు, 18 క్యారెట్ల 10వ నంబరు పాళీ. బరువున్నా చేతిలో నిలకడగా కూర్చుంటుంది. 50వ నంబరు పాళీ ఉన్న ఎంపరర్ మూతతో 17 సెంటీమీటర్లు దాటుతుంది. దాని ఎబొనైట్ (గట్టి రబ్బరు) గొట్టంలో సిరా నేరుగా పోస్తారు. వెనక మర బిగిస్తే గొట్టం నుంచి పాళీకి సిరా దారి మూసుకుంటుంది, కాబట్టి రాసే ముందు దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేయాలి. మరిస్తే పాళీ కింది సిరా అయిపోగానే రాత ఆగిపోతుంది, పెన్ను చెడిందని కంగారు పడనక్కర్లేదు.

తిరుపతిలో ఆ మరకు ఇంకో పని ఉంది. కింది నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో దాదాపు 700 మీటర్లు ఎక్కుతాం. గాలి ఒత్తిడి తగ్గి, సగం ఖాళీగా ఉన్న గొట్టంలోని గాలి వ్యాకోచించి సిరాను మూతలోకి నెడుతుంది. మర బిగించి, పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి.

ఉరుషికి అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలకు నలుపు వెలిసి, మెరుపు చచ్చిపోతుంది. కాబట్టి కారు డాష్‌బోర్డు మీద, కిటికీ పక్క బల్ల మీద వదిలేయొద్దు. మూతను వెనక తగిలించుకుని రాసే అలవాటుంటే మానుకోవాలి, పూత మీద గుండ్రటి గీత పడుతుంది. తాళాలతో కలిపి జేబులో వేస్తే ఏ పూతా నిలవదు. తుడవడానికి మెత్తటి నూలుగుడ్డ చాలు; పాలిష్‌లో రాపిడి పొడి ఉంటుంది, జోలికి పోవద్దు.

స్క్రీన్ ప్రింటు బొమ్మలను కూడా మకి-ఎ పేరుతో అమ్ముతారు. పది రెట్ల భూతద్దంలో చూడండి. ప్రింటులో అంచులు ఒకే కోతగా, రంగు ఒకే మందంగా ఉంటాయి. చేత్తో చల్లిన పొడిలో రేణువులు ఒకచోట దట్టంగా ఉండి, అంచుకు వెళ్లేకొద్దీ పలచబడి నేలలో కలిసిపోతాయి. ఫొటో చూసి కొనేటట్లయితే ఆ అంచు దగ్గరి ఫొటోనే అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.