వాంగ్ ఫే-హుంగ్ సినిమాల్లో ముందు ఏది చూడాలి?

జెట్ లీ చేసిన వాంగ్ ఫే-హుంగ్ సినిమాలు చూద్దామనుకునేవాళ్లు సాధారణంగా మొదటి భాగంతోనే మొదలుపెడతారు. 1991లో సుయి హార్క్ తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా’ అది. కానీ 1992లో వచ్చిన రెండో భాగమే ముందు చూడటం మేలు. కథలు దేనికది విడి, వరస తప్పినా ఇబ్బంది లేదు. వాంగ్ ఫే-హుంగ్ (1847–1925) చింగ్ రాజుల కాలంలో గ్వాంగ్‌డాంగ్‌లో నిజంగా ఉన్న వైద్యుడు, కుంగ్‌ఫూ గురువు. సినిమాల్లో అతను మనసుపడే ‘పదమూడో పిన్ని’ వరసకే పిన్ని, రక్తసంబంధం లేదు. శిష్యుడు ఫూన్‌గా మొదటి దాంట్లో యూన్ బియావ్, రెండో దాంట్లో మాక్స్ మోక్ కనిపిస్తారు, పాత్ర ఒకటే. ఇంత తెలిస్తే చాలు.

మొదటి భాగం నిడివి 134 నిమిషాలు. ఫోషాన్ ఊళ్లో రౌడీ ముఠా, జనాన్ని అమెరికాకు తరలించే దళారులు, స్థానిక అధికారులు, పొట్టకూటికి వీధిలో విద్య చూపే ‘ఇనుప కవచం’ యిమ్... ఇంతమందితో వాంగ్‌కు తగువు. అందుకే నడిమధ్యలో కథ చెదురుతుంది. కొత్తవాళ్లు పేర్ల దగ్గరే తడబడతారు. అయితే గోదాములో నిచ్చెనల మీద జరిగే చివరి పోరాటం కోసం దీన్ని తప్పకుండా చూడాలి. షూటింగ్‌లో జెట్ లీ కాలికి దెబ్బ తగిలింది కాబట్టి అక్కడ కొన్ని షాట్లు డూప్‌తో తీశారు. కాళ్లు మాత్రమే కనిపించే షాట్లను గమనించండి.

రెండో భాగం 1895 నాటి గ్వాంగ్‌జౌలో నడుస్తుంది. వైద్యుల సభకు వచ్చిన వాంగ్ ఆక్యుపంక్చర్ గురించి చెబుతుంటే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది చైనా విప్లవ నాయకుడు సన్ యట్-సెన్. తమకు కత్తీ తూటా తగలవని నమ్మించి విదేశీయుల మీద జనాన్ని ఉసిగొల్పే శ్వేతపద్మ అనే మతశాఖ ఒకవైపు, విప్లవకారుల్ని వేటాడే సైన్యాధికారి మరోవైపు. ఆ అధికారి డానీ యెన్. తడిపి మెలిపెట్టిన గుడ్డే అతని ఆయుధం: దూరం నుంచి కర్రలా కొడుతుంది, దగ్గరికొస్తే తాడులా చుట్టుకుంటుంది. దానికి ఎదురుగా వాంగ్ చేతిలో వెదురుగడ. ఒకటి వంగుతుంది, ఇంకొకటి చీలుతుంది. ఇరుకు సందులో ఆ తేడాయే ఎత్తుల్ని నిర్ణయిస్తుంది. శ్వేతపద్మ గురువుతో ఒకదానిపై ఒకటి పేర్చిన బల్లల మీద జరిగే పోరూ అంతే, ప్రతి దెబ్బలో కథ కదులుతుంది. ఫైట్లు కూర్చిన యూన్ వూ-పింగ్ పనితనం ఇది.

కథ ఎలా ఉన్నా సరే, ఫైట్లే కావాలా? వూ-పింగ్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘ఐరన్ మంకీ’ (1993) చూడండి. గంటన్నరే. బాలుడు వాంగ్‌గా చేసింది ఒక అమ్మాయి, త్సాంగ్ సీ-మాన్. వెదురు గొడుగుతో ఆమె చేసే ఫైట్ అద్భుతం.

ఆడియో మూడింటికీ హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీసే ఎంచుకోండి. బీజింగ్‌వాడైన జెట్ లీకి అందులో వేరేవాళ్లు గొంతు ఇచ్చారు. పెదవులు కలవకపోతే కాపీ లోపమనుకోవద్దు. మాండరిన్ నుంచి చేసిన సబ్‌టైటిల్స్‌లో హీరో పేరు ‘హువాంగ్ ఫెయ్‌హోంగ్’ అని వస్తుంది, మనిషి ఒకడే. ‘ఐరన్ మంకీ’కి 2001లో అమెరికాలో విడుదలైన కాపీ కూడా తిరుగుతోంది. దాన్ని కాస్త కత్తిరించి సంగీతం మార్చారు, వాంగ్ ఫే-హుంగ్ సినిమాలన్నిట్లో మోగే ఆ పాత బాణీ అందులో ఉండదు. హాంకాంగ్ కాపీయే వెతుక్కోండి.